మనసుకు జబ్బు చేస్తే పని పోవాలా?



మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఎవరికైనా మనసుకు జబ్బు చేసిందని తెలియగానే ఇంట్లోవారు ఒక మాట అంటారు: "ఇంక పనికి పోవద్దు, ఇంటికాడే ఉండు." యజమాని కూడా ఒక మాట అంటాడు: "బాగయ్యాక రా, అప్పుడు చూద్దాం." రెండు మాటల్లోనూ జాలి ఉంది, చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ రెండు మాటల మధ్య ఒక మనిషి బతుకు ఆగిపోతుంది. కొన్ని నెలలకు మందులతో మనసు కుదుటపడుతుంది. అప్పటికి ఆ ఉద్యోగంలో వేరొకరు ఉంటారు. చేతిలో పని లేదు, జేబులో డబ్బు లేదు, పొద్దున్నే లేవడానికి కారణం లేదు. కోలుకున్న మనసు మళ్లీ కుంగిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మేము ఈ వారం చెప్పదలచిన సంగతి ఒక్కటే. మానసిక అనారోగ్యం ఉన్నవారిలో చాలామంది తగిన వైద్యం అందితే, పనిచోట కొద్దిపాటి సర్దుబాటు దొరికితే తమ ఉద్యోగాన్ని తామే నిలబెట్టుకోగలరు. వారి కోలుకోవడంలో పని కూడా ఒక భాగం. ఈ సంగతి డాక్టర్లకు వదిలేసేది కాదు. మన సంఘాల్లో దుకాణాల యజమానులు ఉన్నారు, మిల్లుల్లో సూపర్‌వైజర్లు ఉన్నారు, ప్రధానోపాధ్యాయులు, నర్సులు, మేస్త్రీలు ఉన్నారు. వారి పక్కన పనిచేసేవారూ ఉన్నారు. ఒక ఉద్యోగం నిలవడం, పోవడం చాలాసార్లు వీరి చేతుల్లోనే ఉంటుంది.

ఇది ఎంతమంది సంగతి?

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవారిలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. అంటే పదిమందిలో ఒకరు. ఆ లెక్కన ఆదివారం ఆరాధనలో 200 మంది పెద్దలు కూర్చుంటే వారిలో ఇరవై మంది దాకా ఏదో ఒక రకంగా ఈ బాధ పడుతున్నవారే. వైద్యం అందనివారు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారని కూడా అదే సర్వే చెప్పింది. మన పక్కన కూర్చున్నవారిలో ఎక్కువమంది వైద్యం లేకుండానే నెట్టుకొస్తున్నారన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కుంగుబాటు, ఆందోళన అనే రెండు రుగ్మతల వల్లనే ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. ఆ నష్టం విలువ లక్ష కోట్ల డాలర్లు. కాబట్టి ఇది యజమాని దయాధర్మాల లెక్క మాత్రమే కాదు, అతని లాభనష్టాల లెక్క కూడా. పదేళ్లుగా పని తెలిసిన మనిషిని పోగొట్టుకుని కొత్తవారికి మొదటినుంచి నేర్పించడం కన్నా, రెండు నెలలు ఓపికపట్టి పాత మనిషిని నిలబెట్టుకోవడమే చౌక.

జబ్బు పనిచోట ఎలా కనబడుతుంది?

మానసిక అనారోగ్యం అనగానే చాలామందికి రోడ్డు మీద చిరిగిన బట్టలతో తిరిగే మనిషి గుర్తుకొస్తాడు. అది అరుదైన రూపం. ఎక్కువమందిలో ఇది నెమ్మదిగా, కనబడకుండా వస్తుంది.

కుంగుబాటు ఉన్న మనిషి బద్ధకస్తుడిలా కనబడతాడు. ఎప్పుడూ వేళకు వచ్చేవాడు ఆలస్యంగా వస్తాడు. లెక్కల్లో తప్పులు పడతాయి. నలుగురితో కలిసి భోజనం చెయ్యడు. ఆందోళన రుగ్మత ఉన్న టీచరమ్మ తనిఖీ అంటే చాలు, గుండెదడతో సెలవు పెట్టేస్తుంది. ఓసీడీ ఉన్న గుమాస్తా ఒకే రసీదును పదిసార్లు సరిచూసుకుంటూ పని ముగించలేకపోతాడు. బైపోలార్ రుగ్మత ఉన్నవారు కొన్ని వారాలు నిద్ర లేకుండా ఉత్సాహంగా పనిచేస్తారు, అందరితో గొడవ పెట్టుకుంటారు, అప్పులు చేస్తారు. తర్వాత మంచం దిగలేరు. స్కిజోఫ్రెనియా మొదలవుతున్న యువకుడు తోటివారు తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానపడతాడు.

ఇవన్నీ బయటివారికి క్రమశిక్షణ లేకపోవడంలా కనబడతాయి. అందుకే మొదట మెమో వస్తుంది, తర్వాత జీతం కోత, ఆ తర్వాత "రేపట్నుంచి రావద్దు" అన్న మాట. మంచి పనివాడు ఉన్నట్టుండి మారిపోతే "ఎందుకు చెయ్యట్లేదు?" అని గద్దించే ముందు "ఏమైంది?" అని అడగాలి. మనం మొదట నేర్చుకోవాల్సింది ఇదే.

మన ప్రాంతంలో ఇంకో కష్టం ఉంది. మనవాళ్లు చాలామంది ఇక్కడ పనిచేయరు. హైదరాబాదులో, చెన్నైలో కట్టడాల పనికి పోతారు. మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి నెలల తరబడి పడవల మీద ఉంటారు. ఇంటికి దూరంగా, భాష తెలియని చోట, కాంట్రాక్టరు కింద ఉన్నప్పుడు మనసు చెదిరితే పట్టించుకునేవారు ఎవరు? తోటివారు టిక్కెట్టు కొని రైలెక్కించేస్తారు. ఊరికి వచ్చాక "అక్కడేదో అయింది" అంటారే గానీ ఏమైందో ఎవరికీ తెలియదు. వలస వెళ్లినవారికి వారం వారం ఫోను చేసే సంఘ పెద్ద ఒక్కరుంటే ఈ మార్పు ముందే పసిగట్టవచ్చు. నిద్ర పడుతోందా, తింటున్నావా, డబ్బులు పంపడం ఎందుకు ఆగింది అనే మూడు ప్రశ్నలు చాలు.

యజమాని, సూపర్‌వైజరు చేయగలిగింది

అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో 1990ల నాటికి ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. అంతకుముందు తీవ్రమైన మానసిక రుగ్మత ఉన్నవారిని ఏళ్ల తరబడి శిక్షణ కేంద్రాల్లో ఉంచి, "సిద్ధమయ్యాక" ఉద్యోగం చూసేవారు. ఆ సిద్ధమయ్యే రోజు చాలామందికి వచ్చేదే కాదు. కొత్త పద్ధతిలో పని చేయాలని కోరుకున్నవారికి వెంటనే మామూలు ఉద్యోగం వెతికి పెట్టి, ఆ తర్వాత పక్కనే ఒక సహాయకుడిని నిలబెట్టారు. వైద్యమూ, ఉద్యోగ సహాయమూ ఒకే చేతి మీదుగా నడిచాయి. అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో పాత పద్ధతికన్నా దీనివల్లనే ఎక్కువమంది ఉద్యోగాల్లో కుదురుకున్నారని తేలింది. మన దగ్గర అలాంటి ఉద్యోగ సహాయకులు లేకపోవచ్చు. కానీ ఆ పద్ధతిలోని కిటుకు మనకూ పనికొస్తుంది: పనిలో ఉంచి సహాయం చెయ్యాలి, బాగయ్యాక రమ్మని పంపేయకూడదు.

ఇందుకు ఖర్చు పెద్దగా లేదు.

మొదటిది, విడిగా పిలిచి మాట్లాడటం. పదిమంది ముందు కాదు. "ఏటి బావూ, పది రోజులుగా నువ్వు నువ్వులా లేవు. ఒంట్లో బాగోలేదా? ఇంటికాడ ఏమైనా ఇబ్బందా?" అంటే చాలు. పెద్దావిడైతే "అప్పా, నాలుగు రోజులుగా భోజనం కూడా సరిగ్గా చెయ్యట్లేదు, ఏటయింది?" అనవచ్చు. జబ్బు పేరు మనం పెట్టకూడదు. "నీకు డిప్రెషన్ వచ్చినట్టుంది" అని చెప్పడం డాక్టరు పని. మనం చూసింది చెప్పి, చెప్పేది వినాలి.

రెండోది, వేళల సర్దుబాటు. మానసిక వైద్యంలో వాడే కొన్ని మాత్రల వల్ల పొద్దున్న మగతగా ఉంటుంది. అలాంటివారికి ఉదయం షిఫ్టు బదులు కొంచెం ఆలస్యంగా మొదలయ్యే షిఫ్టు ఇస్తే అదే మనిషి చక్కగా పనిచేస్తాడు. బైపోలార్ ఉన్నవారికి నిద్ర చెడటమే జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణాల్లో ఒకటి. పైడిభీమవరం మందుల కంపెనీల్లో లాగా రాత్రి షిఫ్టులు మారుతూ ఉండేచోట అలాంటివారిని పగటి షిఫ్టులోనే ఉంచడం వారికి మందుతో సమానం.

మూడోది, పనిలో మార్పు. మగత ఉన్నన్నాళ్లు కదిలే యంత్రాల దగ్గర, ఎత్తుల మీద, స్టీరింగు ముందు పని వద్దు. సాలూరులో లారీలు నడిపే అన్నదమ్ములు ఇది గమనించాలి. కొత్త మాత్ర మొదలుపెట్టినప్పుడు బండి నడపవచ్చో లేదో డాక్టరును అడిగి తీరాలి. ఆ కొద్దివారాలు డ్రైవరును లోడింగు లెక్కలకో, ఆఫీసు పనికో పెడితే అతని ఉద్యోగమూ ఉంటుంది, రోడ్డు మీద పదిమంది ప్రాణాలూ ఉంటాయి.

నాలుగోది, నీళ్లు, నీడ. ఇది చాలామందికి తెలియదు. బైపోలార్‌కు వాడే లిథియం అనే మందు మోతాదు రక్తంలో ఒక హద్దులో ఉండాలి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగక ఒంట్లో నీరు తగ్గితే ఆ మోతాదు పెరిగి ప్రమాదం కావచ్చు. కొన్ని ఇతర మానసిక మందులు కూడా ఒంటికి వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఇటుక బట్టీల్లో, ఉపాధి పనుల్లో, వేటలో ఉండేవారికి మధ్యమధ్య నీళ్లు, విశ్రాంతి తప్పనిసరి. లిథియం వాడేవారికి వేళకు రక్తపరీక్షలు కూడా కావాలి.

ఐదోది, ఆస్పత్రికి వెళ్లే రోజు. నెలకొక్కసారి డాక్టరు దగ్గరకు వెళ్లడానికి సగంరోజు అనుమతి ఇవ్వకపోతే మందు ఆగుతుంది. మందు ఆగితే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు పోయేది సగంరోజు కాదు, నెలలు.

ఆరోది, తిరిగి వచ్చేటప్పుడు మెల్లగా ఎక్కించడం. కుంగుబాటు మందులు పనిచేయడం మొదలుకావడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువే. కాబట్టి మొదటి వారంలోనే పాత వేగం ఆశించకూడదు. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే సోదరి ఉందనుకుందాం. కిలో లెక్కన కూలి ఉన్నచోట ఆమెకు మొదట్లో తక్కువే వస్తుంది. అయినా ఆమె స్థానం ఆమెకు ఉంచితే చాలు. ఒకరోజు పది కిలోలు, ఒకరోజు ఆరు కిలోలు అయినా ఆమె పనిలో ఉన్న మనిషే. ఇంట్లో మూల కూర్చుంటే అదే మనిషి "రోగి" అవుతుంది.

వీటితోపాటు పని ఏమిటో తేటగా చెప్పడం కూడా మేలే చేస్తుంది. ఈ రోజు ఏం చెయ్యాలి, ఎప్పటికి చెయ్యాలి, సందేహం వస్తే ఎవరిని అడగాలి అన్నది తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది. జాలిపడి పనంతా లాగేసుకుంటే ఆ మనిషికి "నేను దేనికీ పనికిరాను" అనే తలంపే మిగులుతుంది. చేయగలిగినంత పని ఇచ్చి, చేసినప్పుడు బాగుందని చెప్పడమే నిజమైన ఆదరణ.

అన్ని సర్దుబాట్లూ అన్నిచోట్లా కుదరవు, నిజమే. ముగ్గురే పనివాళ్లున్న చిన్న దుకాణంలో ఒకరు రెండు నెలలు రాకపోతే యజమానికి కష్టమే. కొందరికి జబ్బు ముదిరి కొంతకాలం ఏ పనీ సాధ్యం కాదు. ఇంకొందరికి ఆ పని సరిపడక వేరే పని చూసుకోవాల్సి వస్తుంది. ఆ నిర్ణయం ఆ మనిషితో, డాక్టరుతో మాట్లాడి తీసుకుంటే అది న్యాయం. భయంతో, ఎవరో చెప్పిన మాట విని తీసుకుంటే అన్యాయం.

చట్టం ఏం చెబుతోంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే అతన్ని తీసివేయరాదు, హోదా తగ్గించరాదు. ఆ పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా అదనపు పోస్టులో ఉంచాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతం రిజర్వేషనులో ఒక శాతం మానసిక అనారోగ్యం, ఆటిజం, మేధో వైకల్యం వంటివి ఉన్నవారికి కేటాయించారు. ఈ రిజర్వేషను పొందాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. మన రాష్ట్రంలో దీన్ని సదరం శిబిరాల్లో ఇస్తారు. ఎలా నమోదు చేసుకోవాలో గ్రామ, వార్డు సచివాలయంలో అడగవచ్చు.

2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. సి.ఆర్.పి.ఎఫ్.లో పనిచేసే ఒక అధికారికి ఓసీడీ, కుంగుబాటు ఉన్నాయి. ఆయన ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టారు. మానసిక వైకల్యం ఉన్నవారు పనిచోట నియమాలను తోటివారిలాగా పాటించడంలో వెనకబడే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ వైకల్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా శిక్షించడం వివక్షే అవుతుందని కోర్టు చెప్పింది. ఆ చర్యలను కొట్టేసింది. పాత పనికి ఆయన తగరని తేలినా జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలన్నది. మెమో మీద సంతకం పెట్టే ప్రతి అధికారీ ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమలవుతోంది. ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే సేవల ద్వారా మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని ఆ చట్టం చెబుతోంది. రోగి వివరాలు గోప్యంగా ఉండాలి. ఒంటి జబ్బులకు బీమా ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలి.

ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో పనిచేసే సహోదరులకు ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే దాన్ని మరచిపోవద్దు. మామూలు అనారోగ్యానికి ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. దీర్ఘకాలపు జబ్బులుగా ఇ.ఎస్.ఐ. గుర్తించిన జాబితాలో స్కిజోఫ్రెనియా, తీవ్రమైన కుంగుబాటు, బైపోలార్ వంటి మానసిక రుగ్మతలు కూడా ఉన్నాయి. రెండేళ్ల సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉన్నవారికి ఆ జాబితాలోని జబ్బులకు రెండేళ్ల వరకు వేతనంలో 80 శాతం దొరుకుతుంది. సిగ్గుపడి జబ్బు పేరు దాచడం వల్ల ఈ హక్కు చాలామందికి చేరడం లేదు.

వైద్యం ఎక్కడ?

శ్రీకాకుళంలో రిమ్స్ ఉంది. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తీవ్రమైన జబ్బులకు విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఆస్పత్రి ఉన్నందుకే చినవాల్తేరు పేరును ఎగతాళికి వాడేవారు మనలో ఉన్నారు. ఆ ఎగతాళి విన్నవాడు రేపు తనకు అవసరమైనా అక్కడికి వెళ్లడు. మన నోట ఆ మాట రాకూడదు.

ఫోనులోనైతే 14416 నంబరు. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎవరైనా "బతకాలని లేదు" అంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడం వల్ల ఆ తలంపు కొత్తగా రాదు. మనసులోని బరువు దిగుతుంది. అలాంటివారిని ఒంటరిగా వదలకుండా వైద్యం దగ్గరకు తోడు వెళ్లాలి.

సంఘం చేయవలసింది, మానవలసింది

మొదట మానవలసింది చెబుతాము. ఆదివారం ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు "ఫలానా సహోదరునికి మతిస్థిమితం లేదు, ప్రార్థించండి" అని పేరుతో చదివే అలవాటు ఉంది. వాట్సాప్ గ్రూపుల్లోనూ అంతే. అదే బల్ల మీద ఆ సహోదరుడి యజమాని కూర్చుని ఉండవచ్చు. పెళ్లి మాటలు నడుస్తున్న ఇంటివారు ఉండవచ్చు. ప్రేమతో చేసిన ప్రార్థనే అతని ఉద్యోగం పోగొట్టవచ్చు. ఆ మనిషి అనుమతి లేకుండా పేరు గానీ జబ్బు గానీ బయట పెట్టకండి. పేరు చదవకపోయినా ఆ ప్రార్థన దేవునికి చేరుతుంది.

రెండోది, స్వస్థత కూటాల్లో మాత్రలు పారేయించడం. మధుమేహం ఉన్నవారికి ప్రార్థన చేసి ఇన్సులిన్ మానమని ఎవరూ చెప్పరు. మనసు మందుల విషయంలో మాత్రం "విశ్వాసం ఉంటే మాత్ర ఎందుకు?" అని అడిగేవారున్నారు. మానసిక మందులు ఉన్నట్టుండి ఆపితే జబ్బు మునుపటికన్నా తీవ్రంగా తిరగబెట్టవచ్చు. ఆ వారమే పనిచోట గొడవ జరుగుతుంది, ఉద్యోగం పోతుంది. ప్రార్థించండి, మందూ వేయించండి. మోతాదు తగ్గించడం, ఆపడం డాక్టరే చెప్పాలి.

మూడోది, కట్టివేయడం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో భక్తి మీద నమ్మకంతో రోగులను ఉంచిన ఒక ఆశ్రమంలో నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉండడం వల్ల వారు పారిపోలేకపోయారు. అలాంటి చోట్లు ఏ మతం పేరుతో నడిచినా ప్రమాదం ఒక్కటే. మన ప్రార్థన గృహాలకూ ఇది హెచ్చరిక. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది.

ఇక చేయవలసింది. ఈ ప్రాంతపు క్రైస్తవులకు ఇది కొత్త పాఠం కాదు. ఒకప్పుడు కుష్ఠు అంటే ఊరి బయట బతుకు. సాలూరులో ఫిలదెల్ఫియా కుష్ఠు ఆస్పత్రి ఆ రోగులకు తలుపు తెరిచింది. విజయనగరంలో లెప్రసీ మిషన్ వారి వృత్తి శిక్షణ కేంద్రం మరో అడుగు వేసింది. కుష్ఠు సోకిన కుటుంబాల యువకులకు మందుతోపాటు చేతిలో ఒక పని పెట్టింది. జబ్బు నయమైనంత మాత్రాన మనిషి సమాజంలోకి తిరిగి రాడని, జీతం తెచ్చుకున్నప్పుడే వస్తాడని ఆ పనిచేసినవారికి తెలుసు. నాడు కుష్ఠు రోగి పక్కన కూర్చోవడానికి భయపడిన ఊళ్లే కాలక్రమంలో మారాయి. మనసు జబ్బు విషయంలోనూ మారగలవు.

బెల్జియంలో గీల్ అనే ఊరుంది. అక్కడి గుడికి స్వస్థత కోసం వచ్చే మానసిక రోగులను 13వ శతాబ్దం నుంచే ఊరివారు తమ ఇళ్లలో ఉంచుకోవడం మొదలుపెట్టారు. ఇంటి పనుల్లో, పొలం పనుల్లో వారిని కలుపుకున్నారు. 1938లో అలా ఇళ్లలో ఉన్నవారు 3,700 మందికి పైనే. ఆ ఊరివారు వైద్యులు కారు. పక్కన ఒక మనిషికి చోటిచ్చి, చేయగలిగిన పని ఇచ్చారు.

మన సంఘాలకు పాఠశాలలు, ఆస్పత్రులు, హాస్టళ్లు ఉన్నాయి. అక్కడి ఉద్యోగులకు మనమే యజమానులం. పైన చెప్పిన ఆరు సర్దుబాట్లు మొదట మన సంస్థల్లోనే అమలుకావాలి. జబ్బు చేసిన టీచరును మార్చి నెల చూసి తీసేసే సంస్థ ఇతరులకు ప్రేమ గురించి చెప్పలేదు. సంఘంలో దుకాణం, మిల్లు, వర్క్‌షాపు ఉన్నవారు కోలుకుంటున్న ఒక్కొక్కరికి పని ఇవ్వగలిగితే అది ఏ విరాళం కన్నా పెద్దది. స్త్రీల సమాజం, యౌవనుల సమాజం నుంచి ఇద్దరేసి కొత్తగా పనిలో చేరినవారికి తోడుగా ఉండవచ్చు. మొదటి నెల వారం వారం పలకరించడం, ఆస్పత్రి రోజు గుర్తుచేయడం, యజమానికి, పనివారికి మధ్య ఒక మాట నడపడం పెద్ద చదువు అక్కరలేని పనులు.

కాపరులనూ మరచిపోవద్దు. వారికి వారపు సెలవు లేదు. అర్ధరాత్రి ఫోను వచ్చినా లేవాలి, సమాధి దగ్గర ఏడ్చేవారిని ఓదార్చాలి, మళ్లీ ఆదివారం నవ్వు మొహంతో నిలబడాలి. కాపరి కుంగిపోతే "దైవసేవకునికి డిప్రెషనా?" అంటారేమోనని ఆయన నోరు విప్పడు. సంఘ పెద్దలు ఆయనకు జీతంతో కూడిన సెలవు, వైద్యం ఏర్పాటు చేయడం అవమానం కాదు, బాధ్యత.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదవండి. గొప్ప విజయం తర్వాత ఏలీయా అలసి, భయపడి, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. మొదట నిద్ర పోనిచ్చాడు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. తర్వాత ఆయన మొర రెండుసార్లు విన్నాడు. ఆ పిమ్మట "నీవు ఇంక పనికిరావు" అని ఇంటికి పంపలేదు, చేయవలసిన పని అప్పగించాడు. ఆ పనిలో తోడుగా ఎలీషాను చూపించాడు.

విశ్రాంతి, ఆహారం, వినే చెవి, చేయగలిగిన పని, పక్కన ఒక తోడు. మన పనిచోట్లలో జబ్బు చేసిన మనిషికి కావలసినవి కూడా ఇవే. వీటికి వైద్యం కూడా కలిపితే చాలు. ఈ వారం మీ దుకాణంలో, మీ బడిలో, మీ షిఫ్టులో కొంతకాలంగా మారిపోయిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ మనిషిని విడిగా పిలిచి, ఏమైందని అడగండి.